చీటీల కిటికీ

కాగితం మిల్లు మూతబడిన నాలుగేళ్లకు
ఆ షెడ్డులోకే కంప్యూటర్లు దిగాయి.
దుంగలు నానిన గోతిని పూడ్చి
వరసకు నలభై చొప్పున నల్ల బీరువాలు.
సరస్సు నీళ్లు అప్పుడు గుజ్జును కడిగేవి,
ఇప్పుడు లెక్కల ఒంటివేడిని కడుగుతున్నాయి.
ఓయివా మాత్రం మారలేదు.
అప్పుడు మూడో షిఫ్టు, ఇప్పుడు రాత్రి కాపలా,
అదే ఫ్లాస్కు, అదే మోకాలి నొప్పి.

హెల్కా ఏం పని చేస్తుందో
చాన్నాళ్లు అతనికి అంతుబట్టలేదు.
"కంప్యూటర్లు చేస్తావా?" కాదు.
"లెక్కలు రాస్తావా?" అదీ కాదు.
"మధ్యలో ఉంటాను" అందామె.
మిడిల్‌వేర్.
అడిగేవాడికి యంత్రం ఎక్కడుందో తెలియక్కర్లేదు,
యంత్రానికి అడిగేవాడి పేరు తెలియక్కర్లేదు.
అర్జీ పుచ్చుకోవాలి, హక్కుందో లేదో చూడాలి,
తీరికగా ఉన్న బీరువాకు అప్పజెప్పాలి,
జవాబు మూటగట్టి గడపలో పెట్టాలి.

ఓయివా కాఫీ ఊదుకుంటూ అన్నాడు:
"ఓ, చీటీల కిటికీ!"
మిల్లు గేటు పక్కన జానెడు కిటికీ ఉండేదట.
అడవినుంచి లారీవాళ్లు చీటీ లోపలికి తోస్తే
వుయొక్కో అనే మనిషి, వేళ్లు తప్ప ఎవరికీ కనపడనివాడు,
ఏ సరుకు ఏ యంత్రానికో రాసి పంపేవాడు.
జలుబు చేసి అతను రెండురోజులు రాకపోతే
యంత్రాలున్నాయి, దుంగలున్నాయి,
కాగితం మాత్రం లేదు.

మార్చి నెల.
సరస్సు మీది మంచుదారి ఏ రోజు మూయాలో తేలాలి.
అవతలి గట్టున ఇల్పో
తొమ్మిది చోట్ల మంచుకు బెజ్జం వేసి,
చేతి తొడుగు పళ్లతో లాగి,
లోతులన్నీ ఫోన్లోంచి పంపాడు.
ఎండ, గాలి, అడుగున కదిలే నీరు:
ఆ రాత్రికి ఆరువందల ప్రాసెసర్లు అతనివి.
తెల్లారి కబురొచ్చింది: "పూర్తయింది."
ఫైలు విప్పితే ఒక్క అంకె లేదు.
తెల్లగా, బయటి సరస్సులాగే.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని
నా భాషలో సామెత.
ఇక్కడ అది బోర్లాపడింది.
దేవుడు అర్ధరాత్రి రెండున్నరకే కుప్పకూలాడు,
పూజారి ఇచ్చేశానని చెప్పాడు.

ఇల్పో ఖాళీ కాగితాన్ని నమ్మే మనిషి కాదు.
దారికడ్డంగా తాడు కట్టి నిలబడ్డాడు.
స్కూలు వ్యాను గట్టు చుట్టూ తిరిగి వెళ్లింది,
నడిపే ఆవిడ తిట్టుకుంటూ.
మంచు ఆ రోజు విరగలేదు. మర్నాడూ విరగలేదు.
"ఏమీ కాలేదుగా" అన్నారు పైవాళ్లు.
హెల్కా ఇంటికి వెళ్లలేదు.

ఆరేళ్ల కిందటి ఒక మూలలో దొరికింది ఆ వాక్యం.
జవాబు రాకపోతే వచ్చిందనుకో,
అని ఎవరో తొందరపాటు మనిషి రాసినది.
తేదీ చూసింది.
తన పుట్టినరోజు మర్నాడు. రాసింది తనే.

కొట్టేయడానికి క్షణం పట్టలేదు.
కొత్తది రాయడానికి తెల్లారిపోయింది.
"అయింది" అనడం దానికి బాగా వచ్చు,
"తెలియదు" అనడం నేర్పాలి.
ఎవరి చేతిలో ఉండగా ఆగిందో,
ఎంతవరకు నిజమో,
మళ్లీ ఎప్పుడు అడగాలో.

చివరి రౌండుకొచ్చిన ఓయివా
తలుపు దగ్గరే నిలబడి చెప్పాడు:
చీటీ అలుక్కుపోతే వుయొక్కో వెనక్కి తోసేవాడట,
చదవలేనని ఎర్ర పెన్సిలు గీతతో.
లారీవాళ్లకు ఒళ్లు మండేది.
అతను పోయినప్పుడు అందరికన్నా ముందు వాళ్లే వచ్చారు.
శవపేటిక పక్కన ఫోటోలో
ఆ ముఖం మొదటిసారి చూశారు.

ఏడింటికి సరస్సు అవతల ఫోను మోగింది.
"తెలియదు. మూడో అంచెలో ఆగింది.
మళ్లీ అడుగుతున్నాను."
ఇల్పో రెండుసార్లు చదివి
డ్రిల్లు భుజానేసుకున్నాడు.